కొర్రలు పెడితే సరిపోతుందా?

సింహాద్రిపురంలో మేనమామ, ప్రొద్దుటూరులో మేనల్లుడు. మామ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు నల్లరేగడిలో శనగ, పొద్దుతిరుగుడు వేస్తాడు, కొంచెం చీనీ తోట కూడా ఉంది. అల్లుడిది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. అతని ఇంటి వరండాలో రెండు జతల లవ్ బర్డ్స్ ఉన్నాయి. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే ఆ చిన్న చిలుకలు నిజానికి ఆస్ట్రేలియా బడ్జెరిగార్లు. అవి చాలక, అతని కూతురు ఇప్పుడు మాట్లాడే రామచిలుక కావాలంటోంది. ఆ మాట మీద మామా అల్లుళ్లకు జరిగిన వాదం ఇది. నేను ఏ పక్షమో ముందే చెబుతాను. రామచిలుక సంగతిలో పూర్తిగా మామ పక్షం. లవ్ బర్డ్స్ సంగతిలో మాత్రం అల్లుడి మాటను కొట్టిపారేయలేను.

అల్లుడు: మామా, నీతో ఒక మాట చెప్పి చేద్దామని వచ్చినా. పాప రామచిలుక కావాలని పట్టుబట్టింది. కొండ పక్క ఊరాయన ఒకడు పిల్లల్ని తెచ్చిస్తానన్నాడు. ఇంకా రెక్కలు రాని పిల్లలంట. ఆ వయసులో తెచ్చి సాకితే మాటలు బాగా వస్తాయంట.

మామ: వద్దు.

అల్లుడు: కారణం చెప్పకుండా వద్దంటే ఎట్ల మామా?

మామ: కూర్చో, చెప్తా. ఆ పిల్ల యాడినుంచి వస్తాదో ఎప్పుడన్నా చూసినావా? చిలుక పుల్లలు ఏరి గూడు కట్టే పక్షి కాదు. దానికి ముదురు చెట్టులో తొర్ర కావాల. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిందో, కొమ్మ విరిగి పుచ్చిపోయిన చోటో, లేకుంటే పాత కోట గోడలో సందో. సంక్రాంతి దాటినాక మన పక్క జతలన్నీ ఆ తొర్రల కోసమే కొట్లాడుకుంటాయి. నాలుగైదు గుడ్లు పెడతాది. 22 నుంచి 24 దినాలు పొదుగుతాది. పుట్టిన పిల్లకు బొచ్చుండదు, కండ్లు తెరుచుకోవు. ఆరేడు వారాలకు గానీ అది బయటికి ఎగరదు. చిలుకలు పట్టేవాడు చెట్టెక్కేది ఆ వారాల్లోనే. చెయ్యి దూరకపోతే గొడ్డలితో తొర్రను చీలుస్తాడు. అట్ల చీల్చిన తొర్రలో వాన పడతాది, పాము దూరతాది. మళ్ళా ఏ చిలుకా దాంట్లో పెట్టదు. నువ్వు కొనేది ఒక పిల్లనే. ఆ తొర్రలో ఏటేటా పెరగాల్సినవన్నీ దాంతోనే పోతాయి.

అల్లుడు: చెట్లకు కరువా మామా?

మామ: చెట్లకు కాదు, ముదురు చెట్లకు కరువు. ఈ మండలంలో గెట్ల మీద ముదురు వేపలు ఎన్ని ఉండాయో నువ్వే లెక్కపెట్టు. పైడిపాలెం జలాశయం వచ్చినాక తోటలు పెరిగినాయి, సంతోషమే. అయితే చీనీ చెట్టుకు తొర్ర పడే వయసు ఎప్పుడొస్తాది? కాపు తగ్గితే పీకేస్తాం. ఉన్న తొర్ర గూడా ఒక్క చిలుకదే కాదు. పాలపిట్టకు అదే కావాల, గోరువంకకు అదే, పైడికంటికీ అదే. 2018లో మన రాష్ట్రం రామచిలుకను రాష్ట్ర పక్షిగా, వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. ఆ రెండింటికీ చుట్టరికం ఈ తొర్రలోనే ఉండాది.

అల్లుడు: మరి నీ పొద్దుతిరుగుడు మీద పడి తింటాండాయని పోయిన ఏడు నువ్వే కదా తిట్టింది? పంటకు చేటు చేసే పక్షిని నాలుగిళ్లల్లో సాకితే రైతుకు మేలే కదా?

(ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. రాయలసీమలో పొద్దుతిరుగుడు, జొన్న వేసిన ప్రతి రైతుకూ ఈ కోపం ఉంటుంది. మామకూ ఉంది.)

మామ: తిట్టినా. కాదనను. గింజ పాలు పోసుకున్నప్పటినుంచి కోత దాకా పొద్దున, సాయంత్రం మంచె దిగలేదు. గుంపుగా వచ్చి వాలతాయి. అది తినేదానికంటే రాల్చేది ఎక్కువ. పువ్వు అంచున కూర్చోని, ఒక కాలితో పట్టుకోని, గింజ గింజకూ పొట్టు ఒలిచి పారేస్తాది. దాని కాలికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కు. చెయ్యి మాదిరి పని చేస్తాది. అంతా కండ్లారా చూసినా. అయితే పట్టేవాడు నా చేలో వాలే పెద్ద చిలుకల్ని పట్టుకపోతాడా? అవి వానికి పనికిరావు. పెద్దది మాటలు నేర్వదు, పంజరానికి అలవాటు పడదు, కరుస్తాది. వాడు తెచ్చేది అడవి పక్క తొర్రలో పిల్లల్ని. నా పంట నష్టానికీ వాని బేరానికీ సంబంధమే లేదు. పంట కాపాడుకునే దారులు వేరే ఉండాయి. ఎరుపు, వెండి రంగుల మెరుపు రిబ్బన్లు మెలితిప్పి చేను మీద కట్టాల. గాలికి అవి మెరిసి, రెపరెపలాడి పక్షుల్ని బెదరగొడతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఊరు ఊరంతా ఒకేసారి విత్తాల. ఒక్కడి చేను ముందుగా పండిందంటే చుట్టుపక్కల చిలుకలన్నీ దానిమీదనే వాలతాయి. పది చేలు ఒకేసారి పండితే నష్టం పదిమందికీ తలా కొంచెం.

అల్లుడు: చిలుక జోస్యం వాళ్ళు ఇన్నేండ్లు తిరిగినారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదే.

మామ: అనాల్సింది. అది పేదోని బతుకుతెరువు, నాకూ జాలి ఉండాది. అయినా రెక్కలు కత్తిరించిన పక్షి జాతకం చెప్తే మనం రూపాయి ఇచ్చినాం. ఇప్పుడు చట్టం చెప్తా విను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చిలుక ముందు నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో చట్టం సవరించినారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఇప్పుడు మన చిలుకలు రెండో షెడ్యూల్లో ఉండాయి. పట్టినా, అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. మూడేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేకుంటే రెండూ. అంగడి నడిపేవానివి, నీకు ఈ తలనొప్పి ఎందుకు?

అల్లుడు: చట్టం భయంతో మానుకుంటే మానుకున్నట్టే లెక్క. పాపకు మాత్రం ఏం చెప్పాల? దానికి మాట్లాడే పక్షి కావాల.

మామ: అది ఎందుకు మాట్లాడతాదో చెప్తే పాప తానే వద్దంటాది. చిలుక గుంపులో బతికే జీవి. ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, ఆ కూతల్ని విని నేర్చుకుంటాయి. తనవాళ్ళ కూత వచ్చినదే గుంపులో మనిషి. పిల్లప్పుడే తీసుకొచ్చి ఒంటిగా పెడితే దానికి గుంపు అంటే మన ఇల్లే. మన కూత నేర్చుకుంటాది. 'రామా' అంటే మనం మురిసిపోతాం. అది మాత్రం తన గుంపును పిలుచుకుంటాంది. ఆ పిలుపు పాతికేండ్లు నడవొచ్చు, బాగా సాకితే చిలుక అన్నేండ్లు బతుకుతాది. పాప పెండ్లయి పోయినాక దానితో ఎవరు మాట్లాడాల?

అల్లుడు: సరే మామా. రామచిలుక మాట ఇంతటితో వదిలేస్తా. కొండాయనకు ఈ రాత్రే ఫోన్ చేసి వద్దని చెప్తా.

మామ: మంచిది. ఇంక ఆ వరండాలో నాలుగు పక్షులున్నాయే, వాటి సంగతి?

అల్లుడు: ఈడ మాత్రం నేను వెనక్కు తగ్గను. లవ్ బర్డ్స్ ఏ చెట్టు తొర్రనుంచీ దొంగిలించినవి కావు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు ప్రాణాలతో తీసుకుపోయినాడు. ఇప్పుడు అమ్మేవన్నీ పంజరాల్లోనే పుట్టి పెరిగినవి. అడవిలో అది పచ్చగా, పసుపు తలతో ఉంటాది. నా ఇంట్లో ఉన్న నీలం, తెలుపు రంగులు పంజరాల్లో పుట్టినవే. ఆస్ట్రేలియా తన పక్షుల ఎగుమతిని ఎప్పుడో ఆపేసింది. మన చట్టం గూడా వీటిని నిషేధించలేదు. ఇవి ఈడ పుట్టినాయి, ఈడే సాకాల. ఇంకొకటి, అది ఎండ నేల పక్షి. ఆస్ట్రేలియా నడిమి ఎడారుల్లో గడ్డి గింజలు తిని బతుకుతాది. మన నేల దానికి కొత్త కాదు. నేను పెట్టేది కొర్రలు, సజ్జలు. మన సీమ తిండే అది.

మామ: గడ్డి గింజలు తింటాది, నిజమే. అయితే ఆ ఎండ నేలలో ఎట్ల బతుకుతాదో ఆ సగం నువ్వు చెప్పలేదు. ఆడ ఏ ఏడు యాడ వాన పడతాదో తెలీదు. వాన పడిన చోటికి గుంపులు గుంపులుగా, వేలకు వేలు, వందల మైళ్ళు ఎగురుతాయి. గడ్డి గింజ పట్టిన చోట ఆగి గుడ్లు పెడతాయి, ఆరిపోతే మళ్ళా కదులుతాయి. మన సీమవాళ్లకు ఇది చెప్పాలా? కరువొస్తే మూటా ముల్లె కట్టుకోని బళ్ళారికో, బెంగుళూరుకో, గుంటూరుకో పోయినోళ్ళం. ఆ పోవడమే మనల్ని బతికించింది. ఆ పక్షి ప్రాణమూ ఆ వలసలోనే ఉండాది. నువ్వు కొర్రలు పెట్టి, దారి మూసినావు. నీ పంజరం పొడవెంత?

అల్లుడు: రెండడుగులు.

మామ: రెండడుగులు! 1960 జంతుహింస నిరోధక చట్టం, కదలడానికి చాలినంత చోటు లేని పంజరంలో ప్రాణిని పెట్టడాన్నే హింస అంది. పక్షులకు ఎగిరే హక్కు ఉందని 2015లో ఢిల్లీ హైకోర్టు అభిప్రాయపడింది. కోర్టు మాట వరకూ ఎందుకు, వాటి రెక్కలనే చూడు.

అల్లుడు: మరి వదిలెయ్యమంటావా? పంజరం తలుపు తీస్తే అర్ధగంట గూడా బతకవు మామా. కాకి తరుముతాది, డేగ తన్నుకపోతాది. నీళ్ళు యాడుంటాయో, పిల్లి అంటే ఏందో దానికి తెలీదు. 30, 40 గ్రాముల ప్రాణం. వదలడం దయ అంటే నేను ఒప్పుకోను.

మామ: వదలమని నేను చెప్పలేదే.

(ఇక్కడ కొంచెంసేపు ఇద్దరూ మాట్లాడలేదు. పెంపుడు బడ్జెరిగార్‌కు మన ఆకాశంలో చోటు లేదు, దాన్ని వదిలేయడం చంపడమే. కాబట్టి దాన్ని ఎట్లా సాకాలన్నదే అసలు ప్రశ్న. ఈ భాగంలో అల్లుడు చెప్పినవి పక్షులున్న ప్రతి ఇంటివారూ చదవాలని నా కోరిక.)

అల్లుడు: నేను ఎట్ల సాకుతున్నానో చెప్తా, తప్పుంటే దిద్దు. కొర్ర, సజ్జ పెడతా. గిన్నె నిండుగా కనిపించినా నమ్మను. ఇవి గింజను ఒలిచి పొట్టు అదే గిన్నెలో వదులుతాయి. పైన ఊదితే పొట్టంతా ఎగిరిపోయి అడుగున నాలుగు గింజలు మిగులుతాయి. గిన్నె నిండుగానే ఉంది కదా అని ఊరికి పోయిన ఇండ్లల్లో పక్షులు ఆకలికి చచ్చిపోతాయి. ఒట్టి గింజలే పెడితే కొవ్వు పట్టి కాలేయం చెడతాది, అయోడిన్ చాలక గొంతు దగ్గర గ్రంథి వాచి ఊపిరి అందదు. అందుకే రోజూ ఆకు ఉండాల. మునగాకు, తోటకూర, కొత్తిమీర, కొంచెం క్యారెట్ తురుము.

మామ: ఆకు యాడిది? పురుగుమందు కొట్టిన తోటలోదా?

అల్లుడు: పెరట్లోదే. ముక్కుకూ ఎముకకూ సున్నం కావాలని సముద్రపు నురుగు కడతా, పచారి అంగట్లో దొరుకుతాది. చాక్లెట్టు, కాఫీ, ఉప్పు తగిలిన చిరుతిండి, అవకాడో పండు దగ్గరికి రానియ్యను, వాటికి విషం. వంటింటి పక్కన పంజరం పెట్టను. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకూ మంచిది కాదు, పక్షి అయితే నిమిషాల్లో పడిపోతాది.

మామ: ఇది నాకు తెలీదు.

అల్లుడు: మే నెల గండం. మన కడప ఎండ 42, 43 దాటినప్పుడు రేకుల కప్పు కింద పెడితే మధ్యాహ్నానికి చచ్చిపోతాయి. రెక్కలు ఎడం చేసి నోరు తెరిచి రొప్పుతాంటే అది వడదెబ్బకు మొదలు. లోపల చల్లటి గదికి మార్చి, ఒక పక్కన తడి గోనెపట్ట కడతా. లోతు తక్కువ పళ్ళెంలో నీళ్ళు పెడితే అవే స్నానం చేస్తాయి. ఎడారి పక్షి నీళ్ళు లేకుండా ఉంటాదని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. అడవిలో దాని ఓపిక వేరు, పంజరంలో మన బాధ్యత వేరు. కూర్చునే కొయ్య ప్లాస్టిక్‌ది కాదు, వేప కొమ్మలే పెట్టినా, లావు సన్నం కలిపి. ఒకే లావుంటే కాళ్లకు పుండ్లు పడతాయి. రాత్రి పది, పన్నెండు గంటలు చీకటి ఉండాల, గుడ్డ కప్పుతా.

మామ: జబ్బు వస్తే?

అల్లుడు: జబ్బు బయటపడనియ్యదు మామా, అదే కష్టం. అడవిలో నీరసించినది డేగ కంట పడతాది కాబట్టి చివరిదాకా బాగున్నట్టే ఉంటాది. బొచ్చు ఉబ్బించి, పగటిపూట కండ్లు మూసుకోని, అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. ముక్కు చుట్టూ తేనెతుట్టె మాదిరి గరుకు పొర కట్టిందంటే అది చిన్న పురుగు పని. పశువుల డాక్టరుకు చూపిస్తే నయమైతాది. ఇంకొకటి మనుషుల కోసం. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే మనకు న్యుమోనియా లాంటి జ్వరం రావొచ్చు. అందుకే పంజరం కింద తడిపిన తరువాతే ఊడుస్తాం, చేతులు కడుక్కుంటాం. దగ్గు జ్వరం వస్తే ఇంట్లో పక్షులున్నాయని డాక్టరుకు ముందే చెప్పాల.

మామ: సాకడం నీకు చాతనైంది, ఒప్పుకుంటా. ఇంత శ్రద్ధ ఎంతమంది ఇండ్లల్లో ఉంటాది? ఇప్పుడు నా రెండో ప్రశ్న. పంజరంలో ఆ మట్టికుండలు ఎందుకు?

అల్లుడు: గుడ్లు పెట్టడానికి. దినం విడిచి దినం పెట్టి నాలుగు నుంచి ఆరు దాకా పెడతాది. 18 నుంచి 21 దినాలకు పిల్లలు. నెల తిరిగేసరికి బయటికి వస్తాయి.

మామ: ఆ పిల్లలు యాడికి పోయినాయి?

అల్లుడు: తెలిసినవాళ్ళు అడిగితే ఇచ్చినా.

మామ: వాళ్ల గిన్నెల్లో పొట్టు ఊది చూసేవాళ్ళు ఉండారా? మేలో రేకుల కింద పెట్టలేదని నీకు తెలుసునా?

అల్లుడు: తెలీదు.

మామ: అదే నేను అడిగేది. ఈడ పుట్టినాయి కాబట్టి ఈడే సాకాలన్నావు, ఆ మాట నాకు నచ్చింది. అయితే కుండ కట్టేది నువ్వే కదా? కుండ లేకుంటే అవి దాదాపు గుడ్లే పెట్టవు. అడవిలో వాన పడితేనే పెట్టే పక్షికి, ఏడాది పొడుగునా తిండీ కుండా చూపిస్తే వాన ఎప్పటికీ ఆగనట్టే. ఆడపక్షి గుడ్డు మీద గుడ్డు పెట్టి సున్నం చాలక, గుడ్డు అడ్డం పడి చచ్చిపోతాది. ఉన్న నాలుగింటినీ బతికినన్నాళ్ళు బాగా చూడు. ఐదేండ్లో, ఎనిమిదేండ్లో, ఇంకా ఎక్కువేనో. ఐదోదాన్ని పుట్టించొద్దు, కొనొద్దు.

అల్లుడు: అట్లయితే పదేండ్లకు ప్రొద్దుటూరులో లవ్ బర్డ్స్ ఉండవు.

మామ: ఉండకపోతే ఎవరికి నష్టం? ఆస్ట్రేలియాలో అవి లక్షల్లో ఉండాయి.

అల్లుడు: పిల్లలకు మామా. నా కూతురు పొద్దున లేచి తన పాలకంటే ముందు వాటి నీళ్ళు మారుస్తాది. ఆ గుణం ఏ పుస్తకం నేర్పింది? నువ్వు బడిలో ముప్పై ఏండ్లు జీవశాస్త్రం చెప్పినావు. ఎంతమంది పిల్లలు నీ మాట విని ఒక పక్షికి నీళ్ళు పెట్టినారు?

(మామ దీనికి జవాబు చెప్పలేదు. ఆ గుణం పాపకు పంజరం దగ్గరే వచ్చింది, అది నిజం. అయినా ఆ ఒక్క నిజంతో కుండ కట్టడం న్యాయమైపోదని నా అభిప్రాయం.)

మామ: నీళ్ళు పెట్టడానికి పంజరం కావాలా? మిద్దె మీద మట్టి మూకుడు పెట్టి చూడమను. సరే, ఆ మాట పక్కన పెట్టు. ఉన్నవాటికి ఏం చేస్తావో చెప్పు.

అల్లుడు: పంజరం మారుస్తా. వరండా ఒక కొస మొత్తం జాలీ కొట్టిస్తా, ఎనిమిదడుగులు వస్తాది, నాలుగూ ఒకచోటే ఎగురుతాయి. కుండల మాట ఆలోచిస్తా.

మామ: ఆలోచించేది ఏముంది?

అల్లుడు: ఒక కుండలో ఇప్పుడు గుడ్లుండాయి మామా. ఆ పిల్లలు బయటికి వచ్చినాక రెండూ తీసేస్తా. ఆ పిల్లల్ని ఎవరికీ ఇయ్యను. మాట్లాడే పక్షి కావాలంటే పాప మగదానికే నేర్పుకుంటాది. ముక్కు మీద నీలం ఉంటే మగది. కాలిఫోర్నియాలో పక్ అనే మగ బడ్జెరిగార్ 1,728 మాటలు నేర్చిందని గిన్నిస్ పుస్తకంలో ఉంది.

మామ: నేర్వకపోతే విసుక్కోవద్దని పాపకు చెప్పు. జనవరిలో పాపను ఈడికి తీసుకరా, రామచిలుక తొర్ర చూపిస్తా.

వాళ్ల మాటలు అక్కడికి ఆగాయి. చదివేవారికి నాదొక విన్నపం. ఈ వేసవిలో మీ వీధిలోకి ఎవరైనా బుట్టలో రామచిలుక పిల్లల్ని తెస్తే కొనవద్దు. జాలిపడి కొని వదిలేద్దామన్నా కొనవద్దు, మీరిచ్చిన డబ్బుతో అతను మరో తొర్ర చీలుస్తాడు. దగ్గరి అటవీ శాఖ కార్యాలయానికి వెంటనే చెప్పండి. చెట్టు కింద పడిన పిల్ల కనిపిస్తే, తొర్ర అందేటట్టుంటే అందులోనే తిరిగి పెట్టండి. మనిషి చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి దాన్ని వదిలేయదు.